కంపెనీ మెయిల్ నిజమా, గాలమా? మనకి రెండు వైపులా నష్టమే



ప్లేస్‌మెంట్ల టైమ్ మొదలైంది. పదిహేను రోజులుగా మన గ్రూపులో రోజుకి ఒకరైనా స్క్రీన్‌షాట్ పెట్టి "ఇది నిజమేనా అన్నా?" అని అడుగుతున్నారు. కింద రిప్లైలు చూస్తే రెండే రకాలు. "ఫేక్ బ్రో, డిలీట్ కొట్టు" అని సగం మంది. "కంగ్రాట్స్ తమ్ముడూ, పార్టీ ఎప్పుడు?" అని మిగతా సగం. ఎందుకు ఫేకో, ఎందుకు నిజమో ఒక్కరూ చెప్పలేదు. అది ఎలా తేల్చుకోవాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. పోస్ట్ పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. "అనుమానం వస్తే వదిలెయ్" అనే సలహా మనకి సరిపోదు. ఇంట్లో ఇద్దరు ఉద్యోగస్తులు ఉన్న పిల్లలకి అది మంచి సలహానే. ఒక మెయిల్ పోతే వాళ్ల మావయ్య ఇంకో కంపెనీలో రిఫర్ చేస్తాడు. మనకి రిఫర్ చేసేవాడు ఎవడున్నాడు? డిగ్రీ గడప తొక్కింది ఇంట్లో మనమే మొదట. మనకి కంపెనీ నుంచి మెయిల్ రావడమే ఏడాదికి రెండో మూడో సార్లు. అందులో ఒకటి నిజమైనది పొరపాటున వదిలేస్తే, అది కూడా డబ్బు పోగొట్టుకున్నంత నష్టమే. కాకపోతే ఆ నష్టం ఎవరికీ కనపడదు, దాని మీద కేసు కూడా ఉండదు.

ఉట్టినే చెప్పడం లేదు. మా పక్క హాస్టల్ అక్క ఒకామె, పాడేరు వైపు ఊరే, డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఒక కంపెనీకి అప్లై చేసింది. మూడు వారాల తర్వాత ఆన్‌లైన్ టెస్ట్ లింక్ వచ్చింది. మెయిల్ పంపిన అడ్రస్‌లో ఆ కంపెనీ పేరు లేదు, వేరే ఏదో పేరు ఉంది. "48 గంటల్లో పూర్తి చేయాలి" అని ఉంది. "ఈ మెయిల్‌కి రిప్లై ఇవ్వకండి" అని కూడా ఉంది. రూమ్‌లో అందరూ కలిసి ఫేక్ అని తేల్చేశారు. వారం తర్వాత అదే మెయిల్ వచ్చిన వేరే కాలేజీ అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లిందని తెలిసింది. టెస్ట్ పెట్టే పని ఆ కంపెనీ బయటి సంస్థకి అప్పగించింది. అందుకే ఆ అడ్రస్. అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తితే టాపిక్ మార్చేస్తది.

రెండోది మా హాస్టల్ తమ్ముడిది. ఒక జాబ్ సైట్‌లో రెజ్యూమె పెట్టాడు. పది రోజులకి పెద్ద ఐటీ కంపెనీ పేరుతో "మీరు సెలెక్ట్ అయ్యారు" అని మెయిల్. లోగో, గుండ్రటి స్టాంపు, సంతకం, ఎంప్లాయీ నంబర్‌తో సహా పీడీఎఫ్ ఉంది. ఇంటర్వ్యూ అన్నదే లేదు. డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కి 2,850 రూపాయలు, మొదటి జీతంతో తిరిగి ఇస్తామని రాశారు. వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో అడిగి పంపింది. నాలుగు రోజులకి ట్రైనింగ్ కిట్‌కి ఇంకో 6,500. అదీ కట్టాడు. మూడోసారి లాప్‌టాప్ డిపాజిట్ అనేసరికి ఇంట్లో డబ్బుల్లేవు. అక్కడితో ఆగింది. 9,350 రూపాయలు. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. మెస్‌లో సరిగ్గా తినడం లేదని వార్డెన్ సార్ పిలిచి అడిగితే అప్పుడు బయటపడింది.

ఇద్దరిలో ఎవరిదీ తెలివితక్కువ అని నేను అనను. అక్క జాగ్రత్తపడింది, నష్టపోయింది. తమ్ముడు నమ్మాడు, నష్టపోయాడు. కావాల్సింది భయమూ కాదు, నమ్మకమూ కాదు. తేల్చుకునే పద్ధతి కావాలి. అది మనకి ఎవరూ నేర్పలేదు.

నేర్పారు అంటారా? మా కాలేజీలో ఒకసారి సైబర్ అవగాహన సదస్సు పెట్టారు. గంటన్నర ఇంగ్లీష్ పీపీటీ. అందులో మొదటి పాయింటు, "మెయిల్‌లో స్పెల్లింగ్ తప్పులు, గ్రామర్ తప్పులు ఉంటే అది ఫేక్." వెనక బెంచీలో మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లం. ఇంటికెళ్తే కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో మాట్లాడేవాళ్లున్నారు మాలో, తెలుగే వాళ్లకి రెండో భాష. ఇంగ్లీష్ గ్రామర్ తప్పులు పట్టి మోసగాడిని పట్టుకోవాలంట! అయినా ఆ సలహాకి కాలం చెల్లింది. ఇప్పుడు దొంగమెయిల్ రాసేవాడు ఏఐకి చెప్పి రాయిస్తున్నాడు. తప్పు ఒక్కటి ఉండదు. నిజం హెచ్ఆర్ వాళ్లు తొందరలో రాసిన మెయిల్లోనే తప్పులు ఎక్కువ కనపడతాయి. కాబట్టి ఇంగ్లీష్ రాదని మనం ఇందులో వెనకబడి లేం. మెయిల్ నిజమో కాదో తేల్చడానికి ఇంగ్లీష్‌తో పెద్ద పని లేదు.

పేరుతో మొదలుపెడదాం. మెయిల్ తెరవగానే పైన పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు కనిపిస్తది. ఆ పేరుకి విలువ సున్నా. పంపేవాడు ఏది టైప్ చేసుకుంటే అది వస్తది. నేను నా ఫోన్‌లో మా ఫ్రెండ్ నంబర్‌ని "కలెక్టర్ గారు" అని సేవ్ చేస్తే వాడు కలెక్టర్ అయిపోతాడా? ఇదీ అంతే. ట్రూకాలర్‌లో వచ్చే పేరూ, వాట్సాప్‌లో పెట్టే లోగో కూడా అంతే. పీడీఎఫ్ మీద స్టాంపు, సంతకం, లెటర్‌హెడ్ పది నిమిషాల పని. వాటిని చూసి "ఇంత పక్కాగా ఉంది కదా" అనుకోవద్దు.

పేరు కింద "టు మి" అని చిన్నగా ఉంటది, పక్కన కిందికి చూసే బాణం గుర్తు. దాన్ని నొక్కితే అసలు అడ్రస్ కనపడుతుంది. అందులో యాట్ గుర్తు తర్వాత ఉన్న భాగం ముఖ్యం. దాన్నే డొమైన్ అంటారు. యాట్ గుర్తుకి ముందు ఏముందో పట్టించుకోకండి. అక్కడ హెచ్ఆర్ అని, కెరీర్స్ అని, కంపెనీ పేరే కూడా పెట్టుకోవచ్చు. యాట్ తర్వాత జీమెయిల్ డాట్ కామ్ ఉంటే అది ఎవరైనా రెండు నిమిషాల్లో ఉచితంగా తెరిచే అకౌంట్. చిన్న షాపులు, చిన్న స్టార్టప్‌లు జీమెయిల్ వాడతాయి, అది నేరం కాదు. కానీ లక్షల మంది పనిచేసే కంపెనీ జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపదు. టీసీఎస్ వాళ్లయితే ఇలాంటి ఉచిత మెయిల్ అడ్రస్‌ల నుంచి ఆఫర్లు పంపమని తమ కెరీర్స్ పేజీలోనే రాసి పెట్టారు.

ఇప్పుడు డొమైన్ చదవడం. ఇది ఒక్కటి వస్తే సగం పని అయిపోయినట్టే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. మనం ఉత్తరం మీద అడ్రస్ ఎలా రాస్తాం? పేరు, ఊరు, మండలం, జిల్లా. ఉత్తరం ఎక్కడికి వెళ్లాలో తేల్చేది చివర ఉన్న జిల్లా. ముందు ఉన్న ఊరి పేరు పది జిల్లాల్లో ఉండొచ్చు. డొమైన్ కూడా చివరి నుంచి వెనక్కి చదవాలి. కెరీర్స్ డాట్ ఇన్ఫోసిస్ డాట్ కామ్ అని ఉంటే, చివర కామ్, దాని ముందు ఇన్ఫోసిస్. అంటే అది ఇన్ఫోసిస్ వాళ్లదే. ముందున్న కెరీర్స్ వాళ్ల ఇంట్లో ఒక గది లాంటిది. అదే ఇన్ఫోసిస్ డాట్ కామ్ డాట్ ఫలానా డాట్ ఎక్స్‌వైజడ్ అని ఉంటే? ఇన్ఫోసిస్ ముందే కనపడింది కదా అని మోసపోతాం. చివరి నుంచి చదివితే ఎక్స్‌వైజడ్, దాని ముందు ఫలానా. ఇల్లు ఫలానా వాడిది. గుమ్మానికి వేలాడదీసిన బోర్డు మాత్రం ఇన్ఫోసిస్‌ది.

అడ్డగీత పెట్టినా ఇదే కథ. కంపెనీ పేరు, అడ్డగీత, జాబ్స్, డాట్ కామ్ అన్నది పూర్తిగా వేరే డొమైన్. అది కంపెనీవాళ్లదే కానక్కర్లేదు. ఎవరైనా వెయ్యి రూపాయల లోపు పెట్టి అలాంటిది కొనుక్కోవచ్చు. ఇంకో కిటుకు అక్షరాలతో. ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ స్క్రీన్ మీద ఎమ్ లాగే ఉంటది. ఎల్ బదులు ఒకటి అంకె పెడతారు. అందుకే కళ్లతో చదవకుండా వేలు పెట్టి ఒక్కో అక్షరం చదవండి, ఒకటో క్లాసు పిల్లల్లాగ. నవ్వకండి, నేను అలాగే చదువుతాను.

ప్రభుత్వం పేరుతో వచ్చేవాటికి ఇది ఇంకా సులువు. డాట్ జిఓవి డాట్ ఇన్ అన్నది ప్రభుత్వ సంస్థలకి మాత్రమే ఇస్తారు, డబ్బు పెట్టి కొనలేం. మన ఆంధ్రా జ్ఞానభూమి చివర ఏపీ డాట్ జిఓవి డాట్ ఇన్. తెలంగాణ తమ్ముళ్ల ఈపాస్ చివర సీజీజీ డాట్ జిఓవి డాట్ ఇన్. కేంద్రం స్కాలర్‌షిప్ పోర్టల్ కూడా జిఓవి డాట్ ఇన్‌తోనే అయిపోతుంది. "మీ ఎస్టీ స్కాలర్‌షిప్ ఆగింది, ఈ లింక్‌లో అకౌంట్ అప్‌డేట్ చేయండి" అని వచ్చిందనుకోండి, లింక్ చివర ఏముందో చూడండి చాలు. ఉట్టి డాట్ ఇన్ అయితే ఎవరైనా కొనొచ్చు, డాట్ ఓఆర్‌జీ కూడా అంతే. బ్యాంకులు కూడా 2025 అక్టోబర్ 31 లోపు తమ సైట్లన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మార్చాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ పేరు కూడా బ్యాంకులకే ఇస్తారు. కాబట్టి ఇకమీద కేవైసీ అని ఏది వచ్చినా ముందు చివర చూసుకోండి.

అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉంటే సేఫ్ అని ఇంకా కొందరు అంటున్నారు. తాళం అంటే మన ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే. అవతల కూర్చున్నది దొంగే అయితే దొంగతోనే రహస్యంగా మాట్లాడుతున్నాం అన్నమాట.

రిప్లై-టు అని ఇంకొకటి ఉంటుంది. మెయిల్ వచ్చిన అడ్రస్ ఒకటి, మనం రిప్లై నొక్కితే వెళ్లే అడ్రస్ ఇంకొకటి. రిప్లై నొక్కి, ఏమీ రాయకుండా, పైన ఏ అడ్రస్ వచ్చిందో చూడండి. పంపింది కంపెనీ డొమైన్‌లా కనపడి రిప్లై జీమెయిల్‌కి వెళ్తుంటే అక్కడే ఆగిపోవాలి. కంప్యూటర్ ల్యాబ్‌లో తెరిస్తే అదే బాణం గుర్తు కింద "సైన్డ్ బై" అని కూడా కనపడుతుంది. ఈ మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని పడే ముద్ర అది. కానీ ముద్ర ఉంది కదా అని మంచి మెయిల్ అనుకోకూడదు. దొంగ తను కొన్న డొమైన్‌కి తనే ముద్ర వేసుకోగలడు. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రమే అది చెప్తుంది. వాడు మంచోడా కాదా అన్నది చెప్పదు.

ఇంతవరకు చదివి "అయితే అక్కకి వచ్చిన మెయిల్ ఈ లెక్కన ఫేకే కదా, డొమైన్ వేరే ఉంది కదా" అని ఎవరైనా అడగాలి. కరెక్ట్ ప్రశ్న. ఇక్కడే నాకు కంపెనీల మీద కోపం. చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగాల పనికి బయటి సాఫ్ట్‌వేర్ వాడతాయి. వర్క్‌డే అనేది అలాంటిదే, దాన్నుంచి వచ్చే మెయిల్ అడ్రస్‌లో చాలాసార్లు మైవర్క్‌డే డాట్ కామ్ ఉంటుంది, అప్లై చేసిన కంపెనీ డొమైన్ ఉండదు. టెస్టులు పెట్టే సంస్థలు వేరే. ఇంటర్వ్యూ టైమ్ ఫిక్స్ చేసే కన్సల్టెన్సీ ఇంకొకటి. పైగా గడువు 24 గంటలు, లింక్ నొక్కండి, రిప్లై ఇవ్వకండి. దొంగ ఏం చేస్తాడో అసలు కంపెనీ అదే చేస్తుంది! తర్వాత మనకేమో "తెలియని లింకులు నొక్కకండి" అని నీతులు. "మీకు ఫలానా అడ్రస్ నుంచి టెస్ట్ లింక్ వస్తుంది" అని అప్లై చేసినప్పుడే ఒక్క లైన్ రాస్తే ఆ అక్క ఇంటర్వ్యూకి వెళ్లేది. ఆ ఒక్క లైన్ రాయడానికి వాళ్లకి ఖర్చేమిటి?

సరే, వాళ్లు మారేవరకు మనమేం చేయాలి? నేను నమ్మే పద్ధతి ఇది. మెయిల్ చూపించిన దారిలో వెళ్లకూడదు, మన దారిలో మనం వెళ్లాలి. సంతలో కొత్తవాడు వచ్చి "నేను జీసీసీ నుంచి వచ్చాను, కాఫీ గింజలు నాకే ఇవ్వండి" అంటే మన పెద్దవాళ్లు వాడి బ్యాడ్జి చూసి ఇచ్చేయరు. జీసీసీ డిపోకి వెళ్లి "మీ మనిషేనా?" అని అడుగుతారు. అదే ఇక్కడ కూడా. లింక్ నొక్కకుండా, మనంతట మనం కంపెనీ అసలు సైట్‌కి వెళ్లాలి. గూగుల్‌లో వెతికేటప్పుడు పైన "స్పాన్సర్డ్" అని వచ్చేవి వదిలేయాలి, అవి డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు. అక్కడ కెరీర్స్ పేజీలో, మనం అప్లై చేసిన లాగిన్‌తో తెరిచి చూడాలి. నిజంగా టెస్ట్ ఉంటే చాలాసార్లు అక్కడ స్టేటస్ మారి ఉంటుంది. లేకపోతే ఆ సైట్‌లో ఉన్న నంబర్‌కో మెయిల్‌కో అడగాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి "మీరు నిజమేనా" అంటే "అవును నిజమే" అనే అంటాడు కదా.

కాలేజీ ద్వారా వచ్చిన డ్రైవ్ అయితే ప్లేస్‌మెంట్ సార్‌ని అడగండి. అడగడానికి మనకి మొహమాటం, నాకు తెలుసు. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చేసిన వాళ్లు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే నవ్వొస్తది, ఏడుపొస్తది. ఇద్దరు కలిసి వెళ్లండి. ఫీజు మనం కూడా కట్టాం, లేదా మన పేరున ప్రభుత్వం కట్టింది.

ఇంత చూడటానికి టైమ్ లేదు, ఓపిక లేదు అన్నవాళ్లకి ఒక్క ప్రశ్న చాలు. ఈ మెయిల్ నా దగ్గర ఏం అడుగుతోంది? టెస్ట్ రాయమంటే టైమ్ అడుగుతోంది. టైమ్ పోతే పోతుంది. డబ్బు అడిగితే మాత్రం డొమైన్ ఎంత బాగున్నా, పీడీఎఫ్ ఎంత మెరిసినా అక్కడితో అయిపోయింది. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, వీళ్లందరూ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోమని బహిరంగంగా చెప్పారు. పేరు ఏది పెట్టినా అంతే. రిజిస్ట్రేషన్, వెరిఫికేషన్, యూనిఫాం, లాప్‌టాప్ డిపాజిట్, "తిరిగి ఇచ్చేస్తాం". తిరిగి ఇచ్చేదైతే జీతంలో కోసుకోవచ్చు కదా, ముందు ఎందుకు?

ఇక్కడ మనవాళ్లు ఎందుకు పడతారో కూడా చెప్పాలి. మనకి తెలిసిన ఉద్యోగాలు ప్రభుత్వ ఉద్యోగాలు. వాటికి పరీక్ష ఫీజు ఉంటుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అందుకే ఉద్యోగానికి ఫీజు అంటే మనకి వింతగా అనిపించదు. తేడా ఏమిటంటే, అక్కడ నోటిఫికేషన్ చూసి మనం అప్లై చేస్తాం, ఫీజు పరీక్షకి ముందు, ప్రభుత్వ సైట్‌లో. అది కూడా ఎస్ఎస్‌సీ, యూపీఎస్‌సీ లాంటివాటికి ఎస్టీలకి ఫీజే లేదు. "సెలెక్ట్ అయ్యావు, ఇప్పుడు కట్టు, ఈ యూపీఐకి" అనేది ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు. యూపీఐ నంబర్ మీద ఏదో మనిషి పేరు వస్తే ఇంక చెప్పేదేముంది. ఇంకో మాట, డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగితే డబ్బు మన దగ్గర్నుంచి పోతోందనే అర్థం.

డబ్బు అడగనివి ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాటిని మనం అనుమానించం. ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, సంతకం, ఫోటో, అన్నీ ఒకే మెయిల్‌లో పంపమంటారు. అసలు కంపెనీ కూడా ఇవి అడుగుతుంది, కానీ ఇంటర్వ్యూ అయ్యాక, తన సొంత పోర్టల్‌లో. ఇంటర్వ్యూ లేకుండా ముందే ఇవ్వకండి. మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ సైట్‌లో చూసుకోవచ్చు, మీది కానిది ఉంటే అక్కడే చెప్పొచ్చు. ఈ పోస్ట్ చదివాక ఒకసారి చూడండి. యాప్ పేరుతో ఏపీకే ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమంటే అసలే వద్దు. మీ మెసేజ్‌లు చదివేది అది, ఓటీపీలతో సహా.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకో రకం. "ఇంటి దగ్గరే పని, మీ బ్యాంక్ అకౌంట్‌లోకి కంపెనీ డబ్బు వస్తుంది, కమీషన్ ఉంచుకుని మిగతాది మేం చెప్పిన అకౌంట్‌కి పంపండి" అని. లేదా "అకౌంట్, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకి ఇంత." ఆ వచ్చేది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన డబ్బు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి. అకౌంట్ ఫ్రీజ్ అయితే అందులో పడే స్కాలర్‌షిప్ కూడా చేతికి రాదు. కొండ మీద ఊరికి పోలీసు జీపు వస్తే ఇంటి దగ్గర అమ్మానాన్న ఎలా ఉంటారో నేను మీకు చెప్పక్కర్లేదు.

విదేశీ ఉద్యోగం మెయిల్ అయితే మరీ జాగ్రత్త. మన విశాఖ కథే ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఏజెంట్లు డబ్బు తీసుకుని కుర్రాళ్లని కాంబోడియా పంపించారు. అక్కడ దిగాక చేయించింది సైబర్ మోసాలు, మనవాళ్లనే ఫోన్లు చేసి మోసం చేయడం. 2024 మేలో విశాఖ పోలీసులు ఆ ఏజెంట్లని అరెస్టు చేశారు, కొంతమంది కుర్రాళ్లు తిరిగొచ్చారు. అంటే దొంగ ఆఫర్ నమ్మిన పిల్లాడినే ఇంకో పిల్లాడికి గాలం వేయడానికి కూర్చోబెట్టారు. దొంగమెయిల్ పంపేవాడు ప్రతిసారీ ఏసీ గదిలో కూర్చున్న మేధావి కాదు, మనలాంటి ఉద్యోగం లేనివాడు కూడా కావచ్చు. అది తెలిశాక నాకు వాళ్ల మీద కోపం కొంచెం తగ్గింది, భయం మాత్రం పెరిగింది.

"ఆశపడ్డారు, అందుకే మోసపోయారు" అనే మాట మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. సదస్సుకి వచ్చిన సార్ అన్నారు, మన గ్రూపులో కూడా అంటున్నారు. డిగ్రీ చదివినవాడు ఉద్యోగం కోరుకోవడం ఆశ ఎలా అవుతుంది? మన తాతల కాలంలో చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని భూములు రాయించుకున్నారు. అప్పుడు "తాతలు ఆశపడ్డారు" అని ఎవరన్నా అంటే మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం. కాగితం రాసినవాడిది తప్పు అంటాం. అందుకే 1/70 చట్టం వచ్చింది. ఇప్పుడు కాగితం బదులు లింక్ వచ్చింది. మనకి చదవడం వచ్చు, ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం ఇంకా రాలేదు, అంతే తేడా.

ఈ "ఆశ" అనే మాట వల్లే మా తమ్ముడు రెండు నెలలు నోరు తెరవలేదు. మొదటి 2,850 పోయిన రోజే చెప్పి ఉంటే 6,500 మిగిలేది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ జిఓవి డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి వెళ్లిపోయేలోపు ఆపగలిగితేనే దొరికే అవకాశం, అందుకే గంటలు కాదు నిమిషాలు లెక్క. యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్, టైమ్, మొత్తం దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. మెయిల్ డిలీట్ చేయొద్దు. కోపంతో డిలీట్ చేస్తారు అందరూ, సాక్ష్యం అదే మరి. పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వెంటనే మార్చండి, అదే పాస్‌వర్డ్ వేరే చోట్ల పెట్టి ఉంటే అక్కడా మార్చండి.

అడ్మిన్ అన్నలకి నాదొక రిక్వెస్ట్. గ్రూపులో ఎవరైనా మెయిల్ స్క్రీన్‌షాట్ పెడితే "ఫేక్ బ్రో" అని ఒక్క మాట రాసి వదిలేసే రిప్లైలు ఆపించండి. ఫేక్ అంటే ఎందుకో రాయాలి, నిజం అంటే ఎలా చూశారో రాయాలి. డబ్బు పోయింది అని చెప్పినవాళ్ల కింద నవ్వే బొమ్మలు పెట్టేవాళ్లని తీసేయండి, నాకు ఫ్రెండ్స్ అయినా సరే.

స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లు కూడా సగం సగం పెట్టకండి. బాణం గుర్తు నొక్కాక కనపడే పూర్తి అడ్రస్, లింక్ మీద వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే అడ్రస్ (తెరవకండి, చూడండి చాలు), ఏం అడుగుతున్నారు, మీరు ఆ కంపెనీకి అసలు అప్లై చేశారా లేదా, ఇవి ఉంటే చెప్పడం తేలిక. మీ ఫోన్ నంబర్, ఆధార్, పుట్టిన తేదీ మీద గీత కొట్టేసి పెట్టండి. ఒక తమ్ముడు నిన్న పెట్టిన స్క్రీన్‌షాట్‌లో పాన్ కార్డు మొత్తం కనపడుతోంది. తమ్ముడూ, ఇది చదివితే ముందు అది డిలీట్ చెయ్యి. నీ మెయిల్ సంగతి రేపు ఉదయం చూసి చెప్తాను, ఇక్కడ రాత్రి పదిన్నరకి వైఫై ఆపేస్తారు.